విన్స్ లొంబార్డీ: ఉపాధ్యాయుడైన క్రీడాశిక్షకుడు

అమెరికా సంయుక్తరాష్ట్రములకు ఉత్తరభాగమున విస్కాన్సిన్ అను రాష్ట్రము కలదు. చలికాలమున అచ్చటి నదులును సరస్సులును గడ్డకట్టిపోవును. ఆ రాష్ట్రమున ఫాక్స్ అను నది ఉత్తరముఖముగా ప్రవహించి, గ్రీన్ బే అను పట్టణముకడ మిచిగన్ మహాసరస్సునందలి అఖాతములో కలియును. గ్రీన్ బేకు దక్షిణముగా నాలుగైదు మైళ్ల దూరమున, ఆ నదియొడ్డుననే, డిపియర్ అను చిన్న ఊరు ఉన్నది. సెయింట్ నార్బర్ట్ కళాశాల యను కథోలిక విద్యాలయము ఆ యూరిలోనిదే. హాలెండు దేశమునుండి వచ్చిన బెర్నార్డ్ పెన్నింగ్స్ అను మతగురువు 1898లో దీనిని స్థాపించెను. మతగురువులు కాగోరు యువకులకు విద్య గరపుట దాని మొదటి యుద్దేశము. కాలక్రమమున లౌకికవిద్యలును అందు చేరినవి. 1952 నుండి స్త్రీలకును ప్రవేశము లభించెను.

ఇట్టి చిన్న కళాశాలకును, ధనమునకు ఆడెడి పెద్ద క్రీడాజట్టునకును పొత్తు కలుగునని ఎవరును ఊహింపరు. కాని 1958వ సంవత్సరపు వేసవిలో అట్టి పొత్తు కలిగెను. విద్యార్థులు సెలవులకు ఇండ్లకు వెడలిపోగా ఖాళీపడిన వసతిగృహములకు పర్వతములవంటి దేహములు గల మనుష్యులు పెట్టెలు మోసికొని వచ్చిరి. విద్యార్థులు పరుండు మంచములమీదనే వారు పరుండిరి. విద్యార్థులు భుజించు శాలయందే వారును భుజించిరి. వారు గ్రీన్ బే పాకర్స్ అను ఫుట్‌బాల్ జట్టువారు. ఆ సంవత్సరము వారాడిన పండ్రెండు ఆటలలో గెలిచినది ఒక్కటి, సమమైనది ఒక్కటి, ఓడినవి పది. ఆ జట్టు చరిత్రలో అంతటి పరాభవము మునుపెన్నడును లేదు.

మరుసటి వేసవిలో ఆ జట్టుతో ఒక క్రొత్త శిక్షకుడు ఆ కళాశాలలో అడుగుపెట్టెను. అతని వయస్సు నలువదియారు సంవత్సరములు. పొట్టివాడు, కండ్లద్దములవాడు, పెద్ద కంఠస్వరము కలవాడు. ఒకప్పుడు పాఠశాలలో లాటిన్ భాషయు, రసాయనశాస్త్రమును, భౌతికశాస్త్రమును బోధించిన ఉపాధ్యాయుడు. అతడే విన్స్ లొంబార్డీ. అమెరికా క్రీడాచరిత్రలో శాశ్వతకీర్తి నార్జించిన మహాశిక్షకుడు.

అతని కథ తెలియుటకు ముందు ఆ యాట ఎట్టిదో కొంత తెలియవలెను. ఆ దేశపు ఫుట్‌బాల్ మన బాలురాడు ఫుట్‌బాల్ కాదు. అందలి బంతి ఇరువైపుల మొనదేరి కోలగా నుండును. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు ఆడుదురు. గీతకును గీతకును నడుమ మైదానము నూరు గజముల నిడివి కలది. బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చును, తోడివానికి విసరవచ్చును. ఎదిరిపక్షమువారు వానిని పట్టి పడద్రోయుదురు. బంతి గల జట్టు నాలుగు యత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగనిచో బంతి ప్రత్యర్థుల వశమగును. బంతితో అవతలి గీత దాటినచో ఆరు పాయింట్లు లభించును. బంతి పట్టి పరుగెత్తువానిని జనులు కొనియాడుదురు. వానికి త్రోవ చేయుటకై ముందు నిలిచి దేహము లొడ్డు వారి పేళ్లు అనేకులకు తెలియవు. లొంబార్డీ యౌవనమున అట్టి పేరులేని స్థానముననే ఆడినవాడు.

విన్సెంట్ లొంబార్డీ 1913వ సంవత్సరము జూన్ 11వ తేదీన న్యూయార్కు నగరమునందలి బ్రూక్లిన్‌లో జన్మించెను. అతని పూర్వులు ఇటలీ దేశమునుండి వలస వచ్చినవారు. తండ్రి మాంసపు వర్తకుడు. ఐదుగురు సంతానములో విన్సెంటే జ్యేష్ఠుడు. ఆ యింట కష్టించి పనిచేయుట, పెద్దల మాట జవదాటకుండుట, ఆదివారము చర్చికి పోవుట అనునవి తప్పరాని నియమములు. బాలుడు తండ్రి యంగడిలో బరువులు మోయుచు పెరిగెను. చర్చిలో పూజాసమయమున గురువునకు సహాయము చేయుట అతనికి మిక్కిలి ప్రీతి.

పదునైదవ యేట అతడు తానును మతగురువు కావలెనని నిశ్చయించుకొని, అందులకు తగిన విద్య నేర్పు పాఠశాలలో చేరెను. అది ఆరు సంవత్సరముల చదువు. నాలుగు సంవత్సరములు చదివిన పిమ్మట ఆ మార్గము తనది కాదని గ్రహించి వెలుపలికి వచ్చెను. గురుత్వము విడిచెనే గాని భక్తిని విడువలేదు. జీవితాంతమువరకు ప్రతిదినము ఉదయమున చర్చికి పోయి పూజలో పాల్గొనుట అతని యలవాటు.

పిమ్మట ఒక సంవత్సరము మరియొక కథోలిక పాఠశాలలో చదివి, 1933లో ఫోర్డమ్ విశ్వవిద్యాలయమున చేరెను. అది న్యూయార్కులో జెసూట్ ఫాదరీలు నడపు విద్యాలయము. అతని ఆటను చూచి వారు విద్యార్థివేతన మిచ్చిరి. అచ్చటి ఫుట్‌బాల్ శిక్షకుని పేరు జిమ్ క్రౌలీ. ఇచ్చట ఒక చిత్రమైన సంబంధము కలదు. క్రౌలీ గ్రీన్ బే పట్టణమున పెరిగినవాడు. బాల్యమున అతనికి ఆట నేర్పినవాడు కర్లీ లాంబో. ఆ లాంబోయే 1919లో ఒక మిత్రునితో కలిసి గ్రీన్ బే పాకర్స్ జట్టును స్థాపించిన యువకుడు. లాంబో అంతకు ముందటి సంవత్సరము నోటర్‌డామ్ అను కథోలిక విద్యాలయమున న్యూట్ రాక్నీ యను ప్రసిద్ధ శిక్షకునియొద్ద ఆడియుండెను. తరువాత క్రౌలీయు ఆ రాక్నీకే శిష్యుడయ్యెను. ఇట్లు ఫాదరీల కళాశాలలలో గురువునుండి శిష్యునకు, శిష్యునినుండి ప్రశిష్యునకు సంక్రమించిన విద్యయే లొంబార్డీకి లభించెను. ముందు ముందు తాను గ్రీన్ బేకు పోవుదునని అప్పుడతనికి తెలియదు.

ఫోర్డమ్ జట్టులో ముందువరుసను నిలుచువారు ఏడుగురు. వారిని ప్రత్యర్థులు కదలింపలేకపోవుటచే, జనులు వారికి ఏడు నల్లరాతి దిమ్మె లను బిరుదము నొసగిరి. ఆ యేడుగురిలో లొంబార్డీ దేహమున చిన్నవాడు. 1936లో పిట్స్‌బర్గు జట్టుతో జరిగిన ఆటలో అతని నోరు చీరుకొనిపోయెను. దంతములు కొన్ని ఊడెను. మైదానము వెలుపల కూర్చుండియున్న అతనిని, ప్రత్యర్థులు గీతకు సమీపించినపుడు మరల పిలిచిరి. అతడు ఆ గాయముతోనే నిలిచి ఆడెను. గీత దాటుట ప్రత్యర్థులకు సాధ్యము కాలేదు.

ఆ కళాశాలలో అతడు నేర్చినది ఆట మాత్రమే కాదు. మనుష్యుడు తన యిచ్ఛ ననుసరించి మంచిగాని చెడుగాని ఎన్నుకొనగల స్వతంత్రుడనియు, ఆ స్వాతంత్ర్యమునకు తగిన బాధ్యత వహింపవలసినవాడనియు, తన సుఖమును పదిమంది మేలుకొరకు విడువగలవాడే ఉత్తముడనియు జెసూట్ ఉపాధ్యాయులు నీతిశాస్త్రపాఠములలో బోధించిరి. ఆ పాఠము లతని మనస్సున గాఢముగా నాటుకొనెను.

1937లో పట్టభద్రుడైన పిమ్మట రెండు సంవత్సరములు అతనికి దారి తోచలేదు. దేశమున పనులు దొరకుట దుర్లభముగా నున్న కాలమది. ఒక ఋణసంస్థలో చిన్న యుద్యోగము చేసెను. కొంతకాలము న్యాయశాస్త్రము చదివి మానెను. 1939లో న్యూజెర్సీ రాష్ట్రమున ఎంగిల్‌వుడ్ పట్టణమునందలి సెయింట్ సిసీలియా యను కథోలిక ఉన్నతపాఠశాలలో అతనికి పని దొరకెను. స్వల్పవేతనము. తరగతులలో బోధించుటయు, ఆటలో సహాయశిక్షకుడుగా నుండుటయు అతని విధులు. మరుసటి సంవత్సరము మేరీ అను యువతిని వివాహమాడెను.

ఆ పాఠశాలలో గడచిన ఎనిమిది సంవత్సరములే అతని భావిజీవితమునకు పునాదియయ్యెను. తరగతిలో చురుకైన బాలురు పాఠమును వెంటనే గ్రహింతురు. మందబుద్ధులు వెనుకబడుదురు. అనేకులగు ఉపాధ్యాయులు చురుకైనవారి ముఖములు చూచి ముందునకు సాగిపోవుదురు. లొంబార్డీ అట్లు చేయలేదు. తరగతిలో వెనుకబడిన బాలునకు పాఠము బోధపడువరకు అతడు నల్లబల్లను విడువకుండెను. ఒకేవిషయమును పలుమారులు, పలురీతుల చెప్పెను. ఆటస్థలమునందును అదే పద్ధతి నవలంబించెను. 1942లో ప్రధానశిక్షకుడై ఆ చిన్న పాఠశాలజట్టును దేశమున పేరుగాంచిన జట్లలో ఒకటిగా తీర్చెను.

1947లో ఫోర్డమ్‌నకు తిరిగి వచ్చి రెండేండ్లు పనిచేసెను. 1949లో వెస్ట్ పాయింట్ సైనికవిద్యాలయమున కర్నల్ బ్లేక్ అను శిక్షకునకు సహాయకుడయ్యెను. ఆటలను చలనచిత్రములుగా తీయించి, ఒక్కొక్క అడుగును పరీక్షించు విధానమును, అక్కరలేని వానిని తొలగించి కొలదిపాటి యెత్తుగడలనే నిర్దుష్టముగా నేర్పు పద్ధతిని అచ్చట నేర్చెను. 1954లో న్యూయార్కు జెయింట్స్ అను వృత్తిజట్టులో సహాయశిక్షకుడై చేరెను. 1956లో ఆ జట్టు దేశవిజేత యయ్యెను.

అయినను అతని మనస్సునకు శాంతి లేకుండెను. నలువది దాటినను అతడు ఇంకను సహాయకుడే. తనకంటె చిన్నవారు ప్రధానశిక్షకులగుచుండిరి. ఏ కళాశాలయు అతనిని పిలువలేదు. తన యిటలీ పేరును, నల్లని మేనిచాయయు చూచియే తన్ను త్రోసివేయుచున్నారని అతడు తలంచెను. ఆ బాధ అతనిని క్రుంగదీసినను, తిరస్కారమన నెట్టిదో స్వానుభవమున తెలిపెను. ఆ తెలివి పిమ్మట అనేకులకు ఉపకరించెను.

1959 ప్రారంభమున గ్రీన్ బే జట్టు పాలకులు అతనిని పిలిచిరి. ఆ జట్టు ధనికులైన కొందరి సొత్తు కాదు. 1923 నుండి పురజనులే వాటాలు కొని దానిని పోషించుచుండిరి. 1960 జనాభా లెక్కల ప్రకారము ఆ పట్టణమున అరువదిరెండువేల పైచిలుకు జనులు మాత్రమే యుండిరి. న్యూయార్కు, షికాగో నగరముల జట్లతో పోటీపడు ఆ చిన్న పట్టణపు జట్టు నిలుచునా కూలునా యని జనులు కలతచెందుచుండిరి. లొంబార్డీ జట్టుపై సంపూర్ణాధికారము కోరెను. వారు అంగీకరించిరి.

ఆ వేసవిలో సెయింట్ నార్బర్ట్ కళాశాల నిజముగా మరల పాఠశాలయయ్యెను. నిర్ణీతకాలమునకు పావుగంట ముందుగా వచ్చినవాడే సకాలమునకు వచ్చినట్లు. సరిగా ఆ వేళకు వచ్చినవాడు ఆలస్యముగా వచ్చినట్లే. ఇది అతని నియమము. రాత్రి పదునొకండు గంటలకు గదులలో నుండవలెను. నియమము తప్పినచో జరిమానా. ఒక ఆటగాడు పలుమారులు రాత్రివేళ తప్పించుకొనిపోగా, పట్టుబడినప్పుడెల్ల అతని జరిమానా పెరుగుచుపోయెను. దినమునకు రెండుసారులు కళాశాలనుండి బస్సులలో గ్రీన్ బేకు పోయి, అచ్చటి మైదానమున అభ్యాసము చేయవలెను. ఉన్నచోటనే పరుగెత్తుచు, కేక వినగానే నేలపై బోర్లపడి, మరల కేక వినగానే లేచి పరుగెత్తు వ్యాయామము మహాబలుల కండ్లను సైతము తిరుగజేసెను.

ఆ కాఠిన్యము నడుమ ఒక ముచ్చట కలదు. ఆటగాండ్రు దుస్తులు ధరించు చోటినుండి అభ్యాసపు మైదానమునకు కొంత దూరము పోవలెను. ఆ యూరి పిల్లలు తమ సైకిళ్లు తెచ్చి ఆటగాండ్ర కిత్తురు. ఏనుగులవంటి ఆ మనుష్యులు చిన్న సైకిళ్లపై కూర్చుండి త్రొక్కుచుండగా, పిల్లలు వారి శిరస్త్రాణములు మోసికొనుచు ప్రక్కన పరుగెత్తుదురు. ఈ యాచారము ఆ పట్టణమున తరతరములుగా సాగివచ్చెను.

లొంబార్డీ ప్రధానసాధనము నల్లబల్ల. అతడు నేర్పిన యెత్తుగడలు కొలదిమాత్రమే. వానిలో ముఖ్యమైనది స్వీప్ అనునది. బంతి పట్టినవాడు ప్రక్కకు పరుగెత్తుచుండగా, వరుసలోని గార్డు లిరువురు తమచోటు విడిచి అతనికి ముందుగా పరుగెత్తి త్రోవ చేయుదురు. ఇందు రహస్య మేమియు లేదు. ప్రత్యర్థులందరును దీని నెరుగుదురు. కాని పదునొకండుగురిలో ప్రతివాడును తన యడుగును తప్పక వేసినచో దానిని ఆపుట యెవరికిని శక్యము కాదని అతని నమ్మకము. ప్రతి యడుగునకును కారణము వివరించి, నూరు పర్యాయములు చేయించెను. వెనుకబడినవానికి తెలియువరకు పాఠము ముగియలేదు. అతడు సెయింట్ సిసీలియా పాఠశాలలో రసాయనశాస్త్రము చెప్పిన తీరే ఇది.

బార్ట్ స్టార్ అను యువకుడు ఆ జట్టులో నుండెను. 1956లో జట్లవారు ఆటగాండ్రను ఎన్నుకొనినపుడు అతడు పదునేడవ విడతలో గాని ఎంపిక కాలేదు. సిగ్గరి, మృదుభాషి. అతడు మొదటిసారి లొంబార్డీ పాఠము వినిన దినముననే భార్యకు టెలిఫోను చేసి, ఇక తాము గెలువబోవుచున్నామని సంతోషముతో చెప్పెనట. లొంబార్డీ క్రమముగా అతనిని జట్టునకు సారథియైన క్వార్టర్‌బ్యాక్‌గా తీర్చెను. ఒకనాడు అందరియెదుట అతనిని తీవ్రముగా మందలించెను. స్టార్ ఏకాంతమున శిక్షకుని గదికి పోయి, తాను జట్టును నడపవలసినవాడు గనుక తన తప్పులను ఏకాంతముననే చెప్పవలెననియు, అందరియెదుట అవమానించినచో తన మాట ఎవరును వినరనియు వినయముతో మనవి చేసెను. కోపిష్టియైన లొంబార్డీ ఆ మాటలోని న్యాయము నంగీకరించెను. పిమ్మట అట్లెన్నడును చేయలేదు. శిష్యునివద్ద నేర్చుటకు సిగ్గుపడనివాడే సద్గురువు కదా!

1959లో మొదటి యాటలోనే షికాగో జట్టుపై విజయము లభించెను. ఆటగాండ్రు లొంబార్డీని భుజములపై మోసిరి. ఆ సంవత్సరము ఏడు ఆటలు గెలిచి, ఐదు ఓడిరి. 1960లో తుదిపోటీ వరకు పోయిరి. ఫిలడెల్ఫియా నగరమున జరిగిన ఆ యాటలో గీతకు పది గజములలోపున బంతి నిలిచిపోగా కాలము ముగిసెను. 17-13 పాయింట్లతో ఓడిరి. తన శిక్షణలో మరల ఎన్నడును తుదిపోటీలో ఓటమి యుండదని లొంబార్డీ ఆటగాండ్రతో చెప్పెను. అట్లే జరిగెను.

1961 వేసవిలో వారందరును మరల కళాశాలకు వచ్చిరి. గెలుపు అంచువరకు పోయి వచ్చినవారు. ఏదైన క్రొత్త విద్య నేర్పునేమో యని వారెదురుచూచిరి. లొంబార్డీ చేతిలో బంతి పట్టుకొని, ఇది ఫుట్‌బాల్ అని ఆరంభించెను. ఇంత వేగముగా చెప్పిన తమకు అర్థము కాదని ఒక ఆటగాడు పరిహాసమాడగా అందరును నవ్విరి. కాని ఎట్లు నిలువవలెను, ఎట్లు వంగవలెను, ఎట్లు అడ్డగింపవలెను అను అక్షరాభ్యాసమునుండియే ఆ సంవత్సరపు చదువు సాగెను. ఆ డిసెంబరు 31వ తేదీన గ్రీన్ బే మైదానమున న్యూయార్కు జెయింట్స్‌ను 37-0 పాయింట్లతో ఓడించి దేశవిజేతలైరి. 1962లోను విజయము వారిదే.

ఆ కాలమున అమెరికాలో నల్లజాతివారు అనేకావమానములకు లోనగుచుండిరి. దక్షిణరాష్ట్రములలో తెల్లవారుండు హోటళ్లలో వారికి చోటు లేకుండెను. లొంబార్డీ తన జట్టులో వర్ణభేదమును సహింపలేదు. తోడివానిని జాతిపేర దూషించినవానికి జట్టులో స్థానము లేదని శాసించెను. గ్రీన్ బేలో నల్లవారిని ఆదరింపని భోజనశాలలకు జట్టులో ఎవరును పోరాదని ప్రకటించెను. దక్షిణమున ఆడబోవునపుడు జట్టును రెండుగా విడదీయుటకు ఒప్పుకొనక, జార్జియా రాష్ట్రమున అందరిని సైనికశిబిరములో బస చేయించెను. విల్లీ డేవిస్, విల్లీ వుడ్, హెర్బ్ ఆడర్లీ మొదలగు నల్లజాతి వీరులు అతని శిక్షణలో మహాక్రీడాకారులైరి. వీరిలో విల్లీ వుడ్‌ను ఏ జట్టును ఎన్నుకొనలేదు. తన్ను పరీక్షించి చూడుడని అతడు తానే జట్లకు ఉత్తరములు వ్రాసికొనెను. లొంబార్డీ అతనికి అవకాశ మిచ్చెను.

1965, 1966, 1967 సంవత్సరములలో వరుసగా మూడుసారులు పాకర్స్ దేశవిజేతలైరి. ఏడేండ్లలో ఐదు విజయములు. 1967 డిసెంబరు 31వ తేదీన డల్లస్ జట్టుతో జరిగిన ఆట చిరస్మరణీయము. ఆ దినమున చలి సున్నకు దిగువ 25 సెంటిగ్రేడు డిగ్రీలు. గ్రీన్ బే మైదానమున నేల గడ్డకట్టకుండుటకై లొంబార్డీ ఆ సంవత్సరమే భూమిలోపల విద్యుత్తీగెలు పరపించియుండెను. అవి పనిచేయలేదు. నేల రాయివలె గట్టిపడెను. ప్రత్యర్థులు 17-14 ఆధిక్యముతో నుండగా, ఐదు నిమిషములలోపు మిగిలినపుడు పాకర్స్ అరువదియెనిమిది గజముల దూరమున ప్రయాణమారంభించిరి. కడపట గీతకు రెండడుగుల దూరమున నిలిచిరి. పదునారు క్షణములు మాత్రమే మిగిలెను. బంతి నితరుల కీయక, గార్డు జెర్రీ క్రేమర్ చేసిన సందులోనుండి స్టార్ తానే గీత మీదికి దూకెను. 21-17 పాయింట్లతో విజయము లభించెను. ఆ క్షణమున పనికివచ్చినవి తొమ్మిది వేసవులుగా నేర్చిన సామాన్యపాఠములే. ఆ క్రేమర్ ఆ సంవత్సరపు దినచర్యను వ్రాసిపెట్టుకొని గ్రంథముగా ప్రకటించెను. కళాశాల వసతిగృహమునందలి చిన్న గదులును, అభ్యాసపు శ్రమయు, గురువుపై కలిగిన కోపమును, ప్రేమయు అందు వర్ణితములు.

లొంబార్డీ దోషములు లేనివాడు కాడు. అతని కోపము మితిమీరినది. గెలుపు అతనికి మత్తువలె పట్టెను. తన యిద్దరు బిడ్డలతో గడపవలసిన కాలమును ఆటకే యిచ్చెను. ఇల్లాలు ఒంటరితనమును మిక్కిలి అనుభవించెను. ఇతరుల కుమారులను తీర్చిదిద్దినవాడు తన కుమారునికి చేరువ కాలేకపోయెను. తన దేహమును గూర్చియు అశ్రద్ధ చేసెను. 1967 నుండియే ఉదరబాధ యున్నను, వైద్యుడు కోరిన పరీక్షకు ఒప్పుకొనలేదు.

1968లో శిక్షకపదవిని విడిచి, ఒక సంవత్సరము కార్యనిర్వాహకుడుగా మాత్రమే యుండెను. మైదానమునకు దూరమై నిలువలేక 1969లో వాషింగ్టన్ జట్టునకు శిక్షకుడయ్యెను. ఓటములకు అలవాటుపడిన ఆ జట్టును మొదటి సంవత్సరముననే గెలుపుదారి పట్టించెను. 1970 వేసవిలో పెద్దప్రేగున క్యాన్సర్ వ్యాధి బయటపడెను. శస్త్రచికిత్సలు ఫలింపలేదు. 1970 సెప్టెంబరు 3వ తేదీన, తన ఏబదియేడవ యేట, జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో మరణించెను. అదియును జెసూట్ ఫాదరీల విద్యాలయమే. న్యూయార్కులోని సెయింట్ పాట్రిక్ చర్చిలో జరిగిన అంత్యప్రార్థనకు తెల్లవారును, నల్లవారును అగు అతని శిష్యులు వచ్చి కన్నీరు గార్చిరి.

ఆ దేశమున వృత్తి ఫుట్‌బాల్ విజేతలకు ఏటేట ఇచ్చు వెండిబహుమానమునకు లొంబార్డీ పేరే పెట్టిరి. గ్రీన్ బేలో మైదానము ప్రక్కనుండి పోవు వీథికి అతని పేరు కలదు. సెయింట్ నార్బర్ట్ కళాశాలయు ఆ పొత్తును చిరకాలము నిలుపుకొనెను. శిక్షకులు మారిరి; ఆటగాండ్రు మారిరి; అరువది సంవత్సరములకు పైగా పాకర్స్ జట్టు వేసవి వచ్చినప్పుడెల్ల ఆ చిన్న కళాశాలకే వచ్చెను.

బాలబాలికలారా! లొంబార్డీ ఆటగాండ్రలో కొందరు కోట్లకొలది జనులు చప్పట్లు చరచిన వీరులు. అయినను ప్రతి వేసవియందు వారు విద్యార్థుల గదులలో విద్యార్థులవలె నివసించి, ఇది ఫుట్‌బాల్ అను పాఠమునుండి మరల మొదలిడిరి. నేర్చినదానిని మరల నేర్చుటకు వారు సిగ్గుపడలేదు. వారికి బోధించినవాడును, తరగతిలో వెనుకబడిన బాలునికొరకు నల్లబల్లవద్ద నిలిచిన ఆ పాతబడి యుపాధ్యాయుడే.